సగం రోజు కూలీ



పట్టిసీమలో నిలబడి, ఇవాళ పట్టాలు అందుకుంటున్న సివిల్ ఇంజనీర్లకు నాలుగు మాటలు చెప్పాలంటే బెరుగ్గానే ఉంది. అటు గోదారి నడుమ వీరభద్రుడి గుడి. ఇటు ఎత్తిపోతల పథకం. 2015 మార్చి 29న శంకుస్థాపన చేస్తే, ఏడాది తిరిగేసరికి 24 పంపులు బిగించారు. ఒక్కో పంపు 354 క్యూసెక్కులు తోడుతుంది. రేపు మీకూ ఇలాంటి గడువులే పెడతారు. గడువు ముంచుకొచ్చిన రోజున ఒక మేస్త్రీ వచ్చి, "ఇవాళ పనిలోకి దిగం సార్" అంటే మీరేం చేస్తారు?

నేనేం చేశానో చెబుతాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో, పైపులైను కోసం పదడుగుల లోతున ట్రెంచి తవ్విస్తున్నాను. ఒండ్రు నేల. రాత్రంతా వాన. తెల్లారి మేస్త్రీ గట్టు మీద గొంతుక్కూర్చుని, అంచుకు రెండడుగుల ఇవతల వేలు పెట్టి చూపించాడు. వెంట్రుక మందాన నెర్రె.

"గట్టు నెర్రెలిచ్చింది బాబూ. ఇవాళ దిగం."

కూలీ పెంచమనడానికి ఇదో ఎత్తు అనుకున్నాను. దిగకపోతే కూలీల హాజరు మస్టర్‌లో సగం రోజే వేస్తానన్నాను. "వేసుకోండి" అన్నాడు. వేశాను. అన్నాలవేళకి గట్టు కూలింది. కింద ఒక పార తప్ప ఏమీ లేదు.

తవ్విన మట్టిని అంచునే పోయించింది నేను. అంత లోతు ట్రెంచికి పలకలు కొట్టి ఊతం పెట్టాలని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదీ నేనే. బడి మొహం చూడని మేస్త్రీకే ముందు నెర్రె కనబడింది.

అలాంటి హెచ్చరికకు చట్టంలోనూ చోటుంది. భోపాల్ గ్యాస్ ఘోరం తర్వాత, 1987లో ఫ్యాక్టరీల చట్టానికి 41-హెచ్ సెక్షన్ చేర్చారు. ప్రమాదకర పరిశ్రమల్లో ముప్పు ముంచుకొస్తోందని హెచ్చరించే హక్కు కార్మికుడికి అలా దక్కింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత కోడ్‌లోని 14వ సెక్షన్ కూడా, ప్రాణాపాయం ఉందని గట్టిగా తోస్తే యజమానికీ, ఇన్‌స్పెక్టర్‌కీ చెప్పొచ్చంటుంది. చెప్పాక పక్కకు తప్పుకోవచ్చా, తప్పుకుంటే ఆ రోజు కూలీ దక్కుతుందా అన్నది మాత్రం ఆ సెక్షన్ విప్పి చెప్పదు. నిర్మాణ పనుల మీద 1988లో అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన 167వ ఒడంబడికలో తప్పుకునే హక్కు స్పష్టంగానే ఉంది.

2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం కూలింది. లోపల చిక్కుకున్న ఎనిమిది మందిలో ఒక్కరూ ప్రాణాలతో బయటపడలేదు. జార్ఖండ్ నుంచి, ఉత్తరప్రదేశ్ నుంచి, పంజాబ్ నుంచి, జమ్మూ కశ్మీర్ నుంచి వచ్చినవాళ్లు. అంత దూరం నుంచి వచ్చి, కాంట్రాక్టర్ వేసిన రేకుల షెడ్డులో తలదాచుకునే మనిషికి, భాష కూడా రాని చోట, "దిగను" అనడం ఎంత కష్టమో ఆలోచించండి.

గోదారి ఒడ్డున పుట్టినవాళ్లకు ఒక సంగతి నేను చెప్పక్కర్లేదు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఆ అంకె వినబడగానే లంకల్లో వాళ్లు పిల్లల్నీ గొడ్లనీ తోలుకుని గట్టెక్కుతారు. సాకులు చెబుతున్నారని వాళ్లనెవరూ అనరు. మీ సైట్‌లో అలాంటి అంకె మీరే పెట్టాలి. వాన పడిన మర్నాడు గట్టు పరీక్షించేదాకా ఎవరూ దిగకూడదు. బెల్టు తగిలించే తాడు లేకుండా ఎవరూ పరంజా ఎక్కకూడదు. ఇవి గేటు దగ్గర బోర్డు మీద తెలుగులోనే కాదు, హిందీలోనూ ఒడియాలోనూ రాయించండి. పని ఆగిన గంటలకు కూలీ కోయరని కింద పెద్దక్షరాలతో రాయించండి. అది లేకపోతే పైన రాసిన దేన్నీ ఎవరూ నమ్మరు.

ఆ మేస్త్రీ నెలాఖరుకి వేరే సైట్‌కి వెళ్లిపోయాడు. తన ముఠాలో పన్నెండుగురి ప్రాణాలు కాపాడినందుకు నా చేత్తో అతనికి నేనిచ్చింది సగం రోజు కోత. గట్టు కూలిన సాయంత్రమైనా మస్టర్ దిద్దొచ్చు. కొత్త ఇంజనీరు తప్పొప్పుకుంటే జనం అలుసు చేస్తారని దిద్దలేదు. ఆ బాకీ తీర్చే దారి నాకిప్పుడు లేదు.

కొద్ది రోజుల్లో మీ చేతికీ మస్టర్ వస్తుంది. మొట్టమొదట "దిగం" అన్నవాడి పేరుకెదురుగా పూర్తి రోజు వెయ్యండి.