అరచేతిలో లారీ ఇంజను
(ఖోర్ ఫక్కాన్ తెలుగువారి సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభలో కూచిపూడి గురించి, పద్యం గురించి మాట్లాడగల పండితులున్నారు. కార్యవర్గంవారు నాకు అప్పగించిన విషయం మాత్రం లారీ ఇంజను. అదీ అసలు ఇంజను కాదు. అందులో 24వ వంతు కొలతకు, పెట్టెలో వచ్చే తయారు ముక్కలతో కాకుండా, రేకూ కడ్డీ తీగె కోసుకుని మొదటినుంచీ చేత్తో చేసే నమూనా. సాంస్కృతికోత్సవంలో లారీ ఇంజనుకు చోటేమిటని ఎవరికైనా అనిపిస్తే తప్పులేదు. చోటున్నదని మనవి చేయడానికే వచ్చాను.

మనం ఉంటున్నది రేవు పట్టణం. ఇక్కడ కంటెయినర్ టెర్మినల్ 1979లో ప్రారంభమైంది. ఓడలు హోర్ముజ్ జలసంధి దాటి లోపలికి పోనక్కరలేకుండా సరుకు దింపుకోవచ్చు. అదే ఈ రేవు గొప్పతనం. కాని దిగిన సరుకు హజర్ కొండలు దాటి అవతలికి చేరాలంటే లారీయే గతి. 2019లో ఐదు సొరంగాలతో కొత్త రోడ్డు వచ్చి షార్జా దగ్గరైంది. పూర్వం ఆ బరువు కనుమ దారుల్లో సాగేది. ఎండలో, ఎత్తులో, బరువుతో నడిచే లారీకి మరమ్మతు తప్పదు. గల్ఫు దేశాల షెడ్లలో ఆ మరమ్మతులు చేసినవారిలో మన తెలుగువారున్నారు. మన ఇళ్ళలోనే కొందరి తాతలు, తండ్రులు ఆ పని చేసినవారు.

ఇక్కడే పుట్టి పెరిగిన పిల్లవాణ్ణి అడగండి. “మా తాతయ్య మెకానిక్” అంటాడు. “ఏం చేసేవారురా?” అంటే, “లారీలు బాగుచేసేవారు” అని ఊరుకుంటాడు. ఆపైన అతనికి తెలియదు. పాట అయితే క్యాసెట్టులో మిగులుతుంది, వంట అయితే అమ్మ చేతినుంచి కూతురి చేతికి వస్తుంది. పానా పట్టిన చెయ్యి నేర్చుకున్న విద్య మాత్రం ఆ చేతితోనే పోతుంది. దాన్ని పిల్లల చేతికి అందించడానికి చిన్న ఇంజను మంచి సాధనమని నా నమ్మకం.

ఏ ఇంజను చేయాలి? మనకు చుట్టరికమున్నది ఒకటుంది. 1954లో టెల్కో కంపెనీ జర్మనీలోని డైమ్లర్-బెంజ్‌తో ఒప్పందం చేసుకుని జంషెడ్‌పూర్‌లో లారీలు తయారుచేయడం మొదలుపెట్టింది. 1969లో ఆ ఒప్పందం ముగిసింది. లారీ ముందు బెంజి నక్షత్రం పోయి టాటా గుర్తు వచ్చింది. లోపలి ఇంజను వంశం మాత్రం అదే. టాటా 697 ఇంజను బోరు 97 మిల్లీమీటర్లు, స్ట్రోకు 128. బెంజి వారి ఓఎం 352 ఇంజను కొలతలూ సరిగ్గా అవే. కనుక విజయవాడ ఆటోనగర్‌లో టాటా మీద చెయ్యి తిరిగిన మేస్త్రి, ఇటువైపు వచ్చి ఆ బెంజి లారీ బానెట్టు ఎత్తితే పాత చుట్టాన్ని చూసినట్లే ఉండేది.

పిల్లలకు ఒక ముచ్చట చెబుతాను. 697 అనే పేరులోనే దాని జాతకమున్నది. 6 అంటే ఆరు సిలిండర్లు, 97 అంటే బోరు. దానికి ముందు వచ్చిన 692కు బోరు 92. బోరూ స్ట్రోకూ తెలిస్తే ఇంజను ఎంతదో మీరే లెక్క కట్టవచ్చు: ఆరు సిలిండర్లకు కలిపి 5,675 సీసీ వస్తుంది. మన నమూనాలో బోరు 4 మిల్లీమీటర్లు, స్ట్రోకు 5.3. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ 24వ వంతు అవుతాయి గనుక ఘనపరిమాణం 13,824వ వంతుకు దిగిపోతుంది. అంత పెద్ద ఇంజను అర సీసీ కూడా ఉండదన్నమాట! మొత్తం కలిపి అగ్గిపెట్టెకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది.

పని కొలతతో మొదలవుతుంది. షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో పాత విడిభాగాల దుకాణాలున్నాయి. యజమాని అనుమతి తీసుకుని, పక్కన స్కేలు నిలబెట్టి, ఇంజనుకు నాలుగు వైపులా పైనుంచీ ఫోటోలు తీయండి. ముఖ్యమైన కొలతలు నోటుబుక్కులో రాసుకోండి. ప్రతి అంకెనూ 24తో భాగించి నమూనా సైజుకే బొమ్మ గీయండి. ఆ తరువాతే కత్తి పట్టాలి.

బ్లాకును మిల్లీమీటరు మందం ప్లాస్టిక్ రేకులు ఒకదానిపై ఒకటి అంటించి, ఆరిన తరువాత ఆకురాయితో రూపుకు తేవాలి. కింద ఆయిలు చాంబరు, పైన హెడ్డు, దానిపైన టాపెట్ కవరు విడివిడిగా చేసుకోవాలి. డైనమోకూ సెల్ఫుకూ గుండ్రని ప్లాస్టిక్ కడ్డీ ముక్కలు చాలు. ఫ్యాను బెల్టుకు నల్ల కాగితం సన్నని పేలిక. 12 మిల్లీమీటర్ల బోల్టు మన నమూనాలో అర మిల్లీమీటరు, సూదిమొనంత చుక్క. అంటించే ద్రావకానికి ఘాటు ఎక్కువ, కిటికీలు తెరిచి పని చేయండి. కత్తి పని పెద్దల ఎదుటే జరగాలి. చేసినదాన్ని మధ్యాహ్నం ఎండలో కారులో వదలకండి, ప్లాస్టిక్ వంకర తిరుగుతుంది.

అన్నిటికన్న రుచైన పని డీజిలు పంపునుంచి అటమైజర్లకు పోయే ఆరు పైపులు. అసలు పైపు 6 మిల్లీమీటర్లయితే మనది పావు మిల్లీమీటరు. పాత వైరులోని ఒక్క రాగి పోగు సరిపోతుంది. పంపు పక్కనున్న సిలిండరుకు పైపు పొట్టిగానూ, దూరాన ఉన్నదానికి పొడుగ్గానూ వేస్తే చూడడానికి శుభ్రంగా ఉంటుందని పిల్లలు అనుకుంటారు. షెడ్డులో పనిచేసిన పెద్దాయన ఒప్పుకోరు. ఆరు పైపులూ ఒకే పొడవు ఉండాలంటారు. ఎందుకంటే పైపుల పొడవు మారితే ఒక్కో సిలిండరుకు డీజిలు చేరే క్షణం మారిపోతుంది. అందుకే దగ్గరి పైపుకు వంపులెక్కువ, దూరపుదానికి తక్కువ. ఆ వంపు అందానికి పెట్టింది కాదు, న్యాయానికి పెట్టింది.

ఆ వెంటనే మరో ప్రశ్న వస్తుంది. సిలిండర్లు 1-5-3-6-2-4 వరుసలో మండుతాయి గదా, పైపులు కూడా అడ్డదిడ్డంగా దాటుకోవాలి గదా అని. అవసరం లేదు. వరుసగా ఉన్న ఈ పంపులో ఆరు భాగాలూ ఆరు సిలిండర్లకు నేరుగా జత. ఏది ముందు కొట్టాలో పంపు లోపలి క్యామ్ షాఫ్టు చూసుకుంటుంది. పెట్రోలు ఇంజనులోలా స్పార్కు ప్లగ్గుల వైర్లు దీనికి ఉండనే ఉండవు. ఇదంతా పాఠంగా చెబితే పిల్లలు ఆవులిస్తారు. చేతిలో రాగి పోగు పట్టుకుని, ఏ చివర ఎక్కడ తగిలించాలో తెలియనప్పుడు చెబితే జన్మలో మరచిపోరు.

ఈ విద్య మనకు కొత్తదీ కాదు. కొండపల్లి బొమ్మ ఒక్క దుంగనుంచి ఊడిపడదు. తెల్ల పొణికి కొయ్యతో తల, చేతులు, కాళ్ళు వేరువేరుగా చెక్కి, చింతగింజల జిగురూ రంపపు పొట్టూ కలిపి అతికిస్తారు. ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిణెపట్టి లక్క రంగు ఎక్కిస్తారు. మన నమూనా ఇంజను వారి పనికి మనవరాలనే అంటాను. ఈ రోజుల్లో త్రీడీ ప్రింటరు ఉంది. ఫ్యాను రెక్కలు దానితో అచ్చు వేసుకున్నా నాకు అభ్యంతరం లేదు. కాని కొలవడం, ఎందుకని అడగడం, పెద్దలచేత దిద్దించుకోవడం ఏ యంత్రానికీ అప్పగించవద్దు.

కనుక తల్లిదండ్రులకు నా విన్నపం ఒక్కటే. ఇంట్లో పానా పట్టిన పెద్దవారుంటే ఈ సెలవుల్లోనే పిల్లలను వారి పక్కన కూర్చోబెట్టండి. వారు చెప్పే మాటలు, అటమైజరు, చాంబరు, సెల్ఫు వంటి షెడ్డు మాటలతో సహా, బొమ్మ పక్కన తెలుగులో రాయించండి. వారి కళ్ళు చూడగలిగినప్పుడు, చెయ్యి వణకకముందు ఈ పని జరగాలి. ఇంజను పూర్తయితే వచ్చే సంక్రాంతికి బొమ్మల కొలువులో రాజుగారి ఏనుగు అంబారీ పక్కన దాన్నీ పెట్టండి. పేరంటానికి వచ్చినవారు ఇదేమిటని అడిగితే, పిల్లవాడే నోరారా చెబుతాడు, మా తాతయ్య చేసిన పని ఇదీ అని.