జెండా ఎవరి పేరున దిగుతుంది

ఓరుగల్లు పడిపోయాక కాకతీయుల పేరు శతాబ్దాల తరబడి నిలిచింది ఈ బస్తర్‌ నేల మీదే. కొంట, భోపాలపట్నం వైపు నుంచి వచ్చిన పిల్లలకు తెలుగు కొత్త కాదు. అందుకే ఈ వేదిక మీద తెలుగులో మాట్లాడే చనువు తీసుకుంటున్నాను. పట్టాల పండుగ నాడు సంతాపం గురించి మాట్లాడబోతున్నందుకు మాత్రం కొంచెం ఓర్పు వహించండి. పరాయి దేశపు నాయకులు చనిపోయినప్పుడు మన దేశం ఏం చెయ్యాలి, మనలో కొందరు ఆ దుఃఖంలో పాలు పంచుకోమంటే వాళ్ళను ఎలా చూడాలి అన్నది చదువుకున్నవాళ్ళు తేల్చుకోవలసిన ప్రశ్న అని నా నమ్మకం. బస్తర్‌లో చదువుకున్నవాళ్ళు మరీను.

2022 సెప్టెంబర్ 8 సాయంత్రం ఢిల్లీలో రాజ్‌పథ్ పేరు కర్తవ్యపథ్‌గా మారింది. ఇండియా గేట్ దగ్గర ఒకప్పుడు అయిదవ జార్జి విగ్రహం నిలబడ్డ మంటపంలో సుభాష్ చంద్రబోస్ విగ్రహాన్ని ప్రధానమంత్రి ఆవిష్కరించారు. బానిసత్వపు గుర్తు ఒకటి చెరిగిపోయిందని ఆ సభలో అన్నారు. అదే రాత్రి అయిదవ జార్జి మనవరాలు, రెండవ ఎలిజబెత్ రాణి కన్నుమూసిన వార్త వచ్చింది. మర్నాడు కేంద్ర హోం మంత్రిత్వశాఖ సెప్టెంబర్ 11ను సంతాప దినంగా ప్రకటించింది. నిత్యం జెండా ఎగిరే ప్రభుత్వ భవనాలన్నిటి మీదా ఆ రోజు జెండాను అవనతం చెయ్యాలి, అధికారిక వినోద కార్యక్రమాలు ఉండకూడదు. ఆ ఆదేశం దేశమంతటికీ, అంటే బస్తర్‌కు కూడా. మూడు రోజుల తేడాలో జరిగిన ఈ రెండు పనులనూ పక్కపక్కన పెట్టి చూసినవాళ్ళు ప్రశ్నలు అడిగారు. కోహినూరు మాటేమిటన్నారు. కృష్ణా తీరంలోని కొల్లూరు గనిలో దొరికిందని చెప్పుకునే వజ్రం కాబట్టి ఆ ప్రశ్న మన తెలుగువాళ్ళకు మరీ దగ్గరిది. అదే సమయంలో 1983లో ఆమె హైదరాబాద్ వచ్చినప్పటి సంగతులను ఆప్యాయంగా గుర్తు చేసుకున్నవాళ్ళూ ఉన్నారు. డెబ్బయ్యేళ్ళు ఒక బాధ్యతను వదలకుండా మోసిన ముసలావిడగా ఆమెను గౌరవించినవాళ్ళూ ఉన్నారు. ఇది రెండు మూకల కొట్లాటగా కనిపించింది గానీ, దాని అడుగున ఒక అసలు ప్రశ్న ఉంది. జెండా దిగేది ఎవరి పేరున?

ఆ ప్రశ్నకు బస్తర్ చరిత్రలో ఉన్నంత సామగ్రి చాలా చోట్ల లేదు. 1905లో వలస ప్రభుత్వం ఇక్కడి అడవిలో మూడింట రెండు వంతులను రిజర్వు చెయ్యాలని ప్రతిపాదించింది. పోడు ఆగిపోతుంది, వేట ఆగిపోతుంది, అడవి ఫలసాయం ఏరుకోవడం ఆగిపోతుంది. రిజర్వు అడవిలో ఉండనిచ్చిన ఊళ్ళవాళ్ళు అటవీశాఖకు చెట్లు నరికి, మోసి, కూలి లేకుండా చాకిరీ చెయ్యాలి. దానికి ముందే ఒక భయంకరమైన కరువు వచ్చింది, 1899-1900లో. మళ్ళీ 1907-08లో ఇంకొకటి. శిస్తులు, వెట్టి, అధికారులకు ఉచితంగా ఇచ్చే సరుకులు సరేసరి. 1910లో ఊరి నుంచి ఊరికి మామిడి కొమ్మలు, మట్టిగడ్డ, మిరపకాయలు, బాణాలు తిరిగాయి. తిరగబడదాం రమ్మన్న పిలుపు అది. కాంగేర్ అడవిలో మొదలైన ఆ భూమ్‌కాల్ తిరుగుబాటులో సంతలను దోచారు, పోలీసు ఠాణాలను, బళ్ళను, అధికారుల, వ్యాపారుల ఇళ్ళను తగలబెట్టారు, ధాన్యాన్ని పంచారు. నేతానార్‌కు చెందిన ధుర్వా తెగ నాయకుడు గుండాధూర్ పేరు అప్పుడే వినిపించింది. సైన్యం వచ్చింది. ఆదివాసీ పెద్దలు మాట్లాడుకుందామని ప్రయత్నిస్తే వాళ్ళ విడిదులను చుట్టుముట్టి కాల్చారు. ఆపైన ఊరూరా తిరిగి కొరడా దెబ్బలు కొట్టారు. జనం అడవుల్లోకి పారిపోయి ఊళ్ళు ఖాళీ అయ్యాయి. అణచడానికి ఫిబ్రవరి నుంచి మే దాకా పట్టింది. గుండాధూర్ మాత్రం దొరకలేదు. రిజర్వు పనులు కొంతకాలం ఆగాయి, రిజర్వు చెయ్యదలచిన అడవి దాదాపు సగానికి తగ్గింది.

ఇదే 1910 మే 6న లండన్‌లో ఏడవ ఎడ్వర్డు రాజు చనిపోయాడు. సామ్రాజ్యమంతటా అధికారిక సంతాపం పాటించారు. ఎవరి పేరున ఈ అడవిని కొలిచారో, ఎవరి పేరున సైన్యం ఇక్కడికి నడిచివచ్చిందో ఆ రాజు చనిపోయిన తేదీ, గంటతో సహా, రాసి ఉంది. తిరుగుబాటు సాగిన ఆ మూడు నెలల్లో ఇక్కడ ఎంతమంది ఏ రోజున చనిపోయారో పాఠాల్లో లేదు. గుండాధూర్ ఎప్పుడు, ఎక్కడ కన్నుమూశాడో ఎవరికీ తెలియదు. అందుకే ఇక్కడ ఆయన వర్ధంతి జరగదు, ఏటా ఫిబ్రవరి 10న భూమ్‌కాల్ దినం జరుగుతుంది. తెలుగు నేల మీద అల్లూరి సీతారామరాజుకు 1924 మే 7 ఉంది, కృష్ణదేవిపేటలో సమాధి ఉంది. నేతానార్ మనిషికి ఆ రెండూ లేవు. ఎవరి కోసం ఏడవాలో కూడా అధికారం రాసిపెట్టిన కాగితాలే తేల్చే పరిస్థితి అప్పుడు ఉండేది. 2022లో సంతాపం వద్దన్నవాళ్ళు ఇలాంటి లెక్కలను ముందు పెట్టారు కనుకే వాళ్ళ మాటకు బరువు ఉంది.

ఇక్కడ ఒక తేడాను గట్టిగా పట్టుకోవాలి. నా వాదన అంతా దీని మీదే నిలబడుతుంది. ఒక మనిషి దుఃఖం, ఒక ఇంటి దుఃఖం ఎవరి అనుమతీ అడగనక్కర్లేదు. ప్రభుత్వం పాటించే సంతాపం మనందరి పేరున జరుగుతుంది కనుక మనందరికీ జవాబు చెప్పాలి. ఈ రెంటినీ కలిపేస్తే రెండు వైపులా అన్యాయం జరుగుతుంది. ఈ జిల్లాలోనే దర్భా వైపు ఛింద్‌వాడా గ్రామంలో 2025 జనవరిలో ఏం జరిగిందో మీకు తెలుసు. ఒక క్రైస్తవ పాస్టరు చనిపోతే ఊళ్ళో పూడ్చడానికి వీల్లేదన్నారు. శవం దాదాపు మూడు వారాలు జగదల్‌పూర్ మార్చురీలో ఉంది. కొడుకు సుప్రీంకోర్టు దాకా వెళ్ళాడు. జనవరి 27న ఇద్దరు న్యాయమూర్తుల అభిప్రాయాలు కలవలేదు. సొంత పొలంలో పూడ్చుకోనివ్వాలని ఒకరు, వేరే చోట క్రైస్తవ శ్మశానంలోనే పూడ్చాలని ఇంకొకరు అన్నారు. శవాన్ని ఇంకా ఆపడం తగదని, 142వ అధికరణం కింద దూరంగా కర్కాపాల్‌లో పూడ్చమన్నారు. కొడుకు దుఃఖానికి ఊరి అంగీకారం కావాలనడం తప్పు. అక్కడ భిన్నాభిప్రాయానికి చోటే లేదు. దేశం పేరున దిగే జెండా సంగతి అలా కాదు, అక్కడ భిన్నాభిప్రాయానికి చోటు లేకపోవడమే తప్పు. విచిత్రం ఏమిటంటే మనం తరచుగా దీన్ని తలకిందులు చేస్తాం. పేదవాడి చావు దగ్గర పంచాయితీ పెడతాం, పెద్దవాళ్ళ చావు దగ్గర నోరు మూసుకోమంటాం.

చనిపోయినవాళ్ళ గురించి చెడ్డమాట అనకూడదు కదా అనేవారు ఉన్నారు. ఆ సంస్కారం విలువైనది, దాన్ని తేలిగ్గా తీసెయ్యను. పాడె లేచేవేళ ఆ ఇంటివాళ్ళ ఎదుట పాత పద్దులు విప్పడం అమానుషం. అయితే ఆ నియమం పుట్టింది ఏడుస్తున్నవాళ్ళను కాపాడటానికి. అధికార పీఠాన్ని కాపాడటానికి దాన్ని వాడితే అది వేరే పని చేస్తున్నట్టు. 2022 సెప్టెంబర్‌లో బ్రిటన్‌లోనే రాచరికాన్ని ప్రశ్నిస్తూ అట్ట పట్టుకున్నవాళ్ళను, మాట అన్నవాళ్ళను పోలీసులు అరెస్టు చేశారు. తర్వాత లండన్ పోలీసులే ప్రజలకు నిరసన తెలిపే హక్కు ఉందని చెప్పవలసి వచ్చింది. అదే ఏడాది జూలై 9న మన ప్రభుత్వం జపాన్ మాజీ ప్రధాని షింజో అబే కోసం సంతాప దినం పాటించింది. ఆయన సొంత దేశంలో మాత్రం ప్రభుత్వ ఖర్చుతో అంత్యక్రియలు వద్దని సగానికి పైగా జనం అభిప్రాయ సేకరణల్లో చెప్పారు, వీధుల్లోకి వచ్చారు. హత్యకు గురైన మనిషి మీద జాలి లేక కాదు. ఆయన రాజకీయాన్ని తమ చేత మెప్పించే ప్రయత్నం జరుగుతోందని వాళ్ళకు అనిపించింది. బ్రిటన్ మాజీ ప్రధాని మార్గరెట్ థాచర్ చనిపోయిన 2013లో గని కార్మికుల ఊళ్ళలో కనిపించిన కోపం కూడా ఆ జాతిదే. నాయకుణ్ణి బాగా ఎరిగిన సొంత ప్రజలే ఏకాభిప్రాయంతో లేనప్పుడు, వేల మైళ్ళ దూరాన ఉన్న మనల్ని ఏకగొంతుతో ఏడవమనడం న్యాయమేనా?

రాణి చేసిన తప్పేమిటి అని అడిగేవారి ప్రశ్న ఇంకా గట్టిది. ఆమె 1952లో గద్దె ఎక్కారు, మనకు స్వాతంత్ర్యం వచ్చిన అయిదేళ్ళకు. 1910 ఆమె పుట్టుకకు పదహారేళ్ళ ముందటి మాట. వ్యక్తిగా ఆమెను ఆ నేరానికి బాధ్యురాలిని చెయ్యడం నిజంగానే అన్యాయం. కానీ భారత ప్రభుత్వం జెండా దించింది ఒక వ్యక్తి మంచితనానికి కాదు, కిరీటానికి. కిరీటం ఒకరి నుంచి ఒకరికి వారసత్వంగా వచ్చేది. గౌరవం వారసత్వంగా వస్తే ఖాతాలూ వెంట వస్తాయి. ఆమె పాలనలోనే కెన్యాలో మౌ మౌ తిరుగుబాటును అణచిన తీరుకు 2013లో బ్రిటిష్ ప్రభుత్వం విచారం తెలిపి, అయిదు వేల మందికి పైగా బాధితులకు సుమారు 2 కోట్ల పౌండ్ల పరిహారానికి ఒప్పుకుంది. 1997లో ఆమె జలియన్‌వాలాబాగ్‌కు వెళ్ళి పుష్పగుచ్ఛం ఉంచి మౌనంగా నిలబడ్డారు. అది దుఃఖకరమైన ఘట్టమని అన్నారు, క్షమాపణ మాత్రం చెప్పలేదు. ఆ మౌనాన్ని మనం గౌరవించాం. మన మౌనాన్ని మనం ఎక్కడ, ఎంతసేపు పాటించాలో నిర్ణయించుకునే హక్కు మనకూ ఉంటుంది.

పాత కథలు ఇప్పుడెందుకు అనేవాళ్ళకు పార్లమెంటే జవాబు చెప్పింది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం తన పీఠికలోనే అడవి బిడ్డలకు చారిత్రక అన్యాయం జరిగిందని ఒప్పుకుంది. అయిదవ జార్జి కాలంలో చేసిన 1927 అటవీ చట్టం ఇంకా అమల్లోనే ఉంది. బస్తర్‌లో గత శతాబ్దపు గాయం మ్యూజియంలో లేదు, భూమి పట్టా కోసం ఆఫీసు ముందు నిలబడ్డ మనిషి చేతి దరఖాస్తులో ఉంది.

ఆదివాసీ రాష్ట్రపతే అంత్యక్రియలకు వెళ్ళారు కదా అని కూడా అన్నారు. అవును, ద్రౌపదీ ముర్ము గారు 2022 సెప్టెంబర్ 19న లండన్‌లో ఉన్నారు. 1855లో కంపెనీ పాలన మీద తిరగబడ్డ సంథాల్ జాతి ఆడబిడ్డ, గణతంత్ర దేశాధినేతగా, వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో కూర్చోవడం నాకు గర్వంగానే ఉంటుంది. దేశాల మధ్య మర్యాద అవసరం, 1950 నుంచి మనం గణతంత్రంగా కామన్‌వెల్త్‌లో ఉన్నాం. దేశాధినేత వెళ్ళడం ఆ మర్యాదకు సరిపోతుంది. ఆమె వెళ్ళడాన్ని ఆక్షేపించకుండానే, మనందరి జెండా దిగాలా అని అడగవచ్చు. 2013 డిసెంబర్‌లో నెల్సన్ మండేలా కోసం దేశం అయిదు రోజులు సంతాపం పాటించినప్పుడు ఈ వాదన దాదాపు వినపడలేదని గుర్తు చేసుకోండి. విదేశీయులన్న పట్టింపు మనకు లేదు. కారణం చెప్పగలిగిన సంతాపాన్ని జనం తమదిగా తీసుకుంటారు.

రెండో వైపువాళ్ళకూ ఒక మాట చెప్పాలి. చావు కబురు విని సంబరపడటం, ఏడ్చినవాళ్ళను బానిసలని తిట్టడం వాదన కాదు. ఎక్కడో ఒక ముసలావిడ పోయిందని కన్నీళ్ళు పెట్టుకున్న మనిషి దేశద్రోహి ఏమీ కాడు. ఆ కన్నీరు ఇంటి దుఃఖం కిందికే వస్తుంది. దానికీ ఊరి అనుమతి అక్కర్లేదు. ఛింద్‌వాడాకు ఒక న్యాయం, మనకు నచ్చనివాళ్ళకు ఇంకొక న్యాయం ఉండకూడదు.

ప్రభుత్వ సంతాపానికి కారణం అడిగినప్పుడు ఆ ప్రశ్న తిరిగి ఇంటికే వస్తుంది. 2010 ఏప్రిల్ 6న తాడ్‌మెట్ల దగ్గర మావోయిస్టుల దాడిలో 76 మంది జవాన్లు చనిపోయారు. 2012 జూన్ 28 రాత్రి సార్కేగూడలో భద్రతా దళాల కాల్పుల్లో 17 మంది చనిపోయారు, వాళ్ళలో మైనర్లు ఉన్నారు. వాళ్ళు మావోయిస్టులన్నదానికి ఆధారం లేదని జస్టిస్ వి.కె. అగర్వాల్ కమిషన్ నివేదికలో తేలడానికి 2019 దాకా పట్టింది. ఏ పక్షం చావుకు ఏ పక్షం ఏడవాలన్న తగవు ఇక్కడ ఇంకా తెగలేదు. ఒక రాణి విషయంలో ఒక్క రాత్రిలో నిర్ణయం తీసుకోగలిగిన రాజ్యం, తన గ్రామస్థులు నిర్దోషులని చెప్పడానికి ఏడేళ్ళు ఎందుకు తీసుకుందని అడిగే అధికారం ఈ హాలులో ఉన్న ప్రతి ఒక్కరికీ ఉంది.

సంతాప ఉత్తర్వుల్లో సాధారణంగా 'గౌరవసూచకంగా' అన్న ఒక్క ముక్కే ఉంటుంది. దాన్ని మార్చాలని కోరదాం. ఆ నాయకుడు లేదా నాయకురాలు మన ప్రజలకు చేసిందేమిటి, ఆ దేశంతో మనకు తేలని లెక్కలేమిటి అన్నవి ప్రభుత్వం రాతపూర్వకంగా చెప్పాలి. పార్లమెంటు చర్చించాలి. ఆ పని ఢిల్లీది. ఇక్కడి పని ఇంకొకటి ఉంది. 1910 నాటి ఫైళ్ళు ఢిల్లీ జాతీయ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి, ఊళ్ళ జ్ఞాపకం నేతానార్ చుట్టుపక్కల ఇంకా బతికి ఉంది. చరిత్ర పట్టా తీసుకున్నవాళ్ళు ఆ ఫైళ్ళు చదవగలరు. హల్బీ, గోండీ, ధుర్వా మాట్లాడేవాళ్ళు ముసలివాళ్ళ దగ్గర కూర్చుని వినగలరు. న్యాయశాస్త్రం చదివినవాళ్ళు సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టగలరు. కొరడా దెబ్బలు తిన్నవాళ్ళ, కాల్పుల్లో పోయినవాళ్ళ పేర్లు, ఊళ్ళు, దొరికినంత మేరకు తేదీలు ఒక చోట చేర్చండి. వచ్చే ఫిబ్రవరి 10కల్లా కనీసం ఒక్క పరగణా జాబితా పూర్తిచేసి, జగదల్‌పూర్‌లో అందరూ చూసే చోట పెట్టండి.