ప్రేమ నవలకు తేదీల చిక్కు

ముప్పై నాలుగేళ్లు గుమాస్తాగా చేసి, ఈ వయసులో ప్రేమ నవల రాస్తున్నానంటే మా ఇంటావిడే నవ్వింది.

కథాకాలం 1848. ధవళేశ్వరంలో కాటన్ దొర ఆనకట్ట కట్టిస్తున్న రోజులు. నాయకుడు అక్కడ కూలీల లెక్కలు రాసే కుర్రవాడు, నాయిక పద్దెనిమిదేళ్ల బాలవితంతువు. మొదటి ప్రతిలో అతను ఏలూరు నుంచి రైల్లో గోదావరి దాటి వచ్చాడు, ఆమెకు తపాలా బిళ్ల అంటించి ఉత్తరం వేశాడు. ఆధారం చూడకుండా నోటు పెడితే ఇంతే! గౌతమీ గ్రంథాలయంలో కూర్చుని చూస్తే గోదావరి మీద మొదటి రైలు వంతెన 1900 నాటిది. దేశమంతటికీ తపాలా బిళ్లలు వచ్చింది 1854లో. రైలు తీసి పడవ పెట్టాను, ఉత్తరం పడవవాడి చేతికిచ్చాను.

చిక్కంతా పెళ్లి దగ్గరే. వితంతు వివాహాల చట్టం 1856లో వచ్చింది. రాజమండ్రిలో వీరేశలింగం పంతులుగారు మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న.

“కథను ఆ ఏటికే జరిపెయ్యవయ్యా” అన్నారు మిత్రులు. మనసొప్పలేదు. ఆ నాయిక మా మేనత్తే. తొమ్మిదో ఏట భర్త పోతే, తక్కిన బతుకంతా మా ఇంట్లో మడి వంటతోనే గడిపింది. చట్టం అప్పటికి డెబ్బై ఏళ్ల పాతది. మా గడప లోపలికి మాత్రం రాలేదు. కాగితం మీదైనా ఆవిడ పెళ్లి చేద్దామనే కలం పట్టాను.

తేదీలు మార్చలేదు. చివరి అధ్యాయంలో నాయికను యాభై ఒకటో ఏట ఆ పెళ్లి చూడటానికి రాజమండ్రి తీసుకొస్తున్నాను. లోపలికి వెళుతుందో, వీధిలోనే నిలబడుతుందో ఇంకా రాయలేదు.