ఓట్లు ఎన్ని అని అడిగేవారికి మా గల్లీ జవాబు

(కిష్టారెడ్డిపేటలో ఓటరు జాబితా పరిశీలన కోసం సమావేశమైన కుటుంబాల ఎదుట చేసిన ప్రసంగ పాఠం)

ఎన్నికల ఉపన్యాసాలు వినివిని మీ చెవులు అలసిపోయి ఉంటాయి. ఏ పార్టీకి ఓటు వేయాలో చెప్పడానికి మేము రాలేదని మొదటనే మనవి చేస్తున్నాము. ప్రచారం మన వాకిటికి వచ్చినప్పుడు మనవంటి సామాన్యులకు అది ఎలా కనిపిస్తుంది, వచ్చినవారిని మనం ఏమి అడగాలి అన్నదే ఈనాటి విషయం.

మన కిష్టారెడ్డిపేట సంగతి మీకు తెలియనిది కాదు. ఒకప్పటి గ్రామ పంచాయతీ 2024లో అమీన్‌పూర్ మున్సిపాలిటీలో కలిసింది. ఒక వైపు ఔటర్ రింగు రోడ్డు, మరొక వైపు పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం పారిశ్రామిక వాడలు. మధ్యలో అపార్టుమెంట్లు, ఖాళీ ప్లాట్లు, రేకుల ఇళ్లు. పాత ఊరివారు కొందరే. నగరంలో అద్దెలు భరించలేక వచ్చినవారు, జిల్లాల నుంచి, బీహార్, ఉత్తరప్రదేశ్, ఒడిశాల నుంచి పొట్ట చేతబట్టుకుని వచ్చినవారు ఎందరో. ఇటువంటి ఊరిలో అభ్యర్థి మనుషులకు ఎవరు ఎవరో తెలియదు. అందుచేత సులువైన దారి వెతుక్కుంటారు. మనలో ఎవరో ఒక పెద్దమనిషిని పట్టుకుని, "చాచా, మీ గల్లీలో ఎన్ని ఓట్లున్నాయి?" అని అడుగుతారు. ఎన్ని ఇళ్లకు నీళ్లు రావడం లేదని గాని, ఎందరు పిల్లలు బడి మానేశారని గాని అడగరు. ఆ పెద్దమనిషి ఒక అంకె చెబుతాడు. ఆ రాత్రికి శాలువా, ఫొటో, బిర్యానీ. తెల్లవారేసరికి మన ఓట్లన్నీ టోకున అమ్ముడైపోయినట్లు ఊరంతా ప్రచారం. ఆ బేరం సంగతి మన ఇంటి ఆడవారికి తెలియదు, కర్మాగారంలో రాత్రి షిఫ్టులో ఉన్న కుర్రవాడికీ తెలియదు. ఓటు అమానత్ అని మన పెద్దలు చెబుతూ వచ్చారు. ఒకరి అమానత్‌ను మరొకరు లెక్కకట్టి అప్పగించే అధికారం ఏ కమిటీకీ లేదు. మా కమిటీకీ లేదు.

ఇక వాగ్దానాల సంగతి. మన దగ్గరకు వచ్చినవారు తప్పక ఎత్తే మాటలు మూడు: కబ్రస్తాన్‌కు స్థలం, షాదీఖానా, మస్జిద్ ప్రహరీ గోడ. ఇవి అక్కర్లేదని మేము అనడం లేదు. కబ్రస్తాన్ లేక జనాజాను ఎక్కడికో మోసుకుపోవలసిన బస్తీల బాధ మాకు తెలుసు. అయితే నికాహ్‌కూ జనాజాకూ నడుమ మనిషి బ్రతికే కాలం ఒకటి ఉన్నదని ఈ నాయకులకు ఎందుకు తోచదో అర్థం కాదు.

ఆ నడిమి కాలంలో మనకు ఏమి జరిగిందో చూడండి. పటాన్‌చెరు, బొల్లారం కాలుష్యంపై సుప్రీంకోర్టులో వ్యాజ్యం పడినది 1990లో. నక్కవాగు పాడైపోయిన కథ ఆనాటిదే. ఆ తరువాత ఎన్ని ఎన్నికలు వచ్చాయో లెక్కపెట్టుకోండి. 2025 జూన్ 30న పాశమైలారంలోని ఒక ఔషధ కర్మాగారంలో జరిగిన పేలుడులో నలభై మందికి పైగా మరణించారు. వారిలో ఎందరో ఇతర రాష్ట్రాల నుంచి వచ్చిన కూలీలు. 2024 సెప్టెంబర్ 22న మన కిష్టారెడ్డిపేటలోనూ పక్కనున్న పటేల్‌గూడలోనూ ప్రభుత్వ స్థలంలో కట్టారని హైడ్రా అంతస్తుల భవనాలను, ఇళ్లను కూల్చివేసింది. గోడ లేస్తున్నన్నాళ్లు కనిపించని అధికారం గోడ కూలేనాడు ఎందుకు కనిపించిందన్నది మనం ఓటు అడిగేవారిని అడగవలసిన ప్రశ్న. ఇది హిందువుల ప్రశ్న, ముస్లింల ప్రశ్న అని విడిగా లేదు. ప్లాటు కొని మోసపోయినవాడికి మతం అడ్డురాలేదు. మన మైనారిటీ హక్కుల మాటను పొరుగువారు వినాలంటే, పొరుగువారి నీళ్ల మాటలో, గాలి మాటలో మన గొంతు కూడా వినబడాలి.

మా ఉద్యోగ జీవితమంతా ఫైళ్ల మధ్యనే గడిచింది. కనుక వాగ్దానాన్ని మేము ఫైలుగానే చూస్తాము. అది ఏ బల్ల దగ్గర ఆగింది, ఎవరి సంతకం కావాలి? పన్నెండు శాతం రిజర్వేషన్‌నే తీసుకోండి. 2014 ఎన్నికలలో తెలంగాణ రాష్ట్ర సమితి ఆ మాట ఇచ్చింది. సుధీర్ కమిషన్ మన వెనుకబాటును పరిశీలించి నివేదిక ఇచ్చింది. 2017 ఏప్రిల్ 16న శాసనసభ బిల్లును ఆమోదించింది. మిఠాయిలు పంచుకున్నాము. కాని మొత్తం రిజర్వేషన్లు యాభై శాతం దాటే ఆ బిల్లు అమలు కావాలంటే ఢిల్లీ అంగీకరించాలి. ఢిల్లీ అంగీకరించలేదు. నేటికీ మనకున్నది 2007 చట్టం ఇచ్చిన నాలుగు శాతమే. దానినీ హైకోర్టు 2010లో కొట్టివేయగా సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు మీద నిలబడి ఉన్నది. 2014లోనే "ఈ ఫైలుకు ఢిల్లీ సంతకం కావాలి కదా, అది ఎలా తెస్తారు?" అని ప్రతి గల్లీలో ఒకరు అడిగి ఉంటే, ఆ సభలలో చప్పట్లు కొంత తగ్గి ఉండేవి.

2023 నవంబర్ 9న కాంగ్రెస్ పార్టీ మైనారిటీ డిక్లరేషన్ ప్రకటించింది. మైనారిటీ సంక్షేమానికి ఏటా నాలుగు వేల కోట్లు అన్నది అందులోని మాట. 2024-25 బడ్జెట్‌లో సుమారు మూడు వేల కోట్లు చూపారు, 2025-26లో సుమారు మూడు వేల ఆరు వందల కోట్లు. పెరిగింది, కాదనము. అయితే సోదరులారా, బడ్జెట్‌లో చూపడం వేరు, విడుదల చేయడం వేరు, ఖర్చు చేయడం వేరు. మార్చి నెలాఖరున ట్రెజరీ ముందు బిల్లులు పట్టుకుని నిలబడిన గుమాస్తాకు ఈ మూడింటి తేడా తెలుసు. అభ్యర్థి వచ్చి "ఇన్ని కోట్లు కేటాయించాం" అంటే, "విడుదలైనది ఎంత, మన మండలంలో ఎందరి చేతికి అందింది?" అని ఆడపిల్లల స్కాలర్‌షిప్ కాగితం ముందు పెట్టి అడగండి. కోపం వద్దు. కాగితం చాలు.

పదవుల విషయం త్వరగా చెప్పి ముగిస్తాము. 2023 డిసెంబర్‌లో ఏర్పడిన మంత్రివర్గంలో మనవారు ఒక్కరూ లేరు. దాదాపు రెండేళ్ల తరువాత, 2025 అక్టోబర్ 31న అజారుద్దీన్ గారు ప్రమాణం చేశారు. జూబ్లీహిల్స్ ఉపఎన్నిక పోలింగ్ నవంబర్ 11న. ఈ రెండు తేదీలను పక్కపక్కన పెట్టి చూస్తే మా వ్యాఖ్య అక్కర్లేదు.

మన పటాన్‌చెరు నియోజకవర్గం నేర్పిన పాఠం మరొకటి ఉన్నది. 2023 నవంబర్ 30న పోలింగ్. బీఆర్ఎస్ అభ్యర్థి గూడెం మహిపాల్ రెడ్డి గారు, కాంగ్రెస్ అభ్యర్థి కాటా శ్రీనివాస్ గౌడ్ గారు, టికెట్టు చేజారి బీఎస్పీ నుంచి నిలబడిన నీలం మధు గారు. ఈ ముగ్గురి కోసం మన గల్లీలో అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేశారు. మహిపాల్ రెడ్డి గారు సుమారు ఏడు వేల ఓట్ల తేడాతో గెలిచారు. ఆరు నెలలు తిరగకముందే మధు గారు మెదక్ లోక్‌సభకు కాంగ్రెస్ అభ్యర్థిగా వచ్చారు. 2024 జూలైలో మహిపాల్ రెడ్డి గారు కాంగ్రెస్ కండువా కప్పుకున్నారు. పార్టీ మారిన శాసనసభ్యుల అనర్హత వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మూడు నెలలలో తేల్చండని 2025 జూలై 31న కోర్టు స్పీకర్‌కు చెప్పవలసి వచ్చింది. నాయకులు ఒక వేదిక మీద కలుసుకున్నారు. మన అన్నదమ్ములలో కొందరు ఇప్పటికీ ఈద్ నాడు మాత్రమే చేతులు కలుపుతున్నారు.

ఇప్పుడు కొంచెం బరువైన మాట. 2024 లోక్‌సభ ఎన్నికల ప్రచారంలో మన పక్కనున్న జహీరాబాద్ నియోజకవర్గానికి ఏప్రిల్ 30న ప్రధానమంత్రి వచ్చారు. తాను బ్రతికి ఉన్నంతవరకు దళిత, ఆదివాసీ, వెనుకబడిన తరగతుల రిజర్వేషన్లను మతం పేరిట ముస్లింలకు ఇవ్వనివ్వనని అన్నారు. మరునాటి నుంచి మన పనిచోట్లలో, టీ కొట్టు దగ్గర ఆ మాటే. మనవారు కొందరు తలవంచుకుని వెళ్లిపోయారు, కొందరు గొడవపడ్డారు. రెండూ అవసరం లేదు. తెలిసిన విషయం నెమ్మదిగా చెప్పితే చాలు. నాలుగు శాతం మతానికి ఇచ్చినదైతే సయ్యద్‌లకు, పఠాన్‌లకు, మొఘల్‌లకు ఎందుకు లేదు? 2007 చట్టం వారిని పేరుపెట్టి మినహాయించింది. సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడిన పద్నాలుగు వర్గాలకే బీసీ-ఈ కింద ఇచ్చింది. దూదేకులవారు అంతకు ఎంతో ముందునుంచే బీసీ-బీలో ఉన్నారు. ఈ సంగతి మన పక్కింటి యాదవ సోదరుడికి, ముదిరాజ్ సోదరుడికి చెప్పవలసినది మనమే. టీవీ చెప్పదు.

అదే సమయంలో మన వైపు కూడా చూసుకోవాలి. మతం పేరుతో ఓటు అడగడం 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 123(3) ప్రకారం అవినీతి చర్య. అభ్యర్థి మతమే కాదు, ఓటరు మతాన్ని చూపి అడిగినా అంతేనని 2017 జనవరి 2న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం నాలుగు-మూడు ఆధిక్యంతో తీర్పు చెప్పింది. ప్రార్థనాస్థలాన్ని రాజకీయ ప్రచారానికి వాడడాన్ని 1988 నాటి చట్టం నిషేధిస్తున్నది. కనుక జుమా ఖుత్బా తరువాత ఫలానా గుర్తు అని ప్రకటించమని ఎవరు అడిగినా మౌలానా గారిని ఇబ్బంది పెట్టవద్దు. "ఓటు వేయండి" అని చెప్పవచ్చు. "వీరికే వేయండి" అన్నది మస్జిద్ బయటి మాట.

డబ్బు గురించి అడిగారు. ఇచ్చినవాడూ పుచ్చుకున్నవాడూ ఇద్దరూ నేరస్థులే, ఏడాది వరకు జైలు శిక్ష ఉన్నది. అయితే పేదవాడు నోటు పుచ్చుకున్నాడని నీతులు చెప్పేవారు మరొక చట్టం గురించి మాట్లాడరు. పోలింగ్ రోజున ఓటుహక్కు ఉన్న ప్రతి కార్మికుడికి, దినకూలీకి సైతం, వేతనంతో సెలవు ఇవ్వాలని అదే 1951 చట్టం 135బీ చెబుతున్నది. ప్రమాదమో పెద్ద నష్టమో కలిగే పనులకు మాత్రమే మినహాయింపు. ఇవ్వని యజమానికి జరిమానా ఎంతో తెలుసా? అయిదు వందల రూపాయల వరకు. మన కూలీ ఒక రోజు నష్టపోయేది అంతకంటే ఎక్కువ. 2024 మే 13 సోమవారం పోలింగ్ నాడు కాంట్రాక్టు కింద పనిచేసే మన పిల్లలు ఎందరు షిఫ్టుకు వెళ్లారో మీకు తెలుసు. ప్రచారానికి వచ్చిన ప్రతి అభ్యర్థినీ "మా కాంట్రాక్టరుకు ఒక మాట చెప్పి సెలవు ఇప్పించగలరా?" అని అడగండి. ఓటు కావాలన్నవారు ఆ మాత్రం చేయాలి.

చివరికి అసలు పని. ఓటు ఎవరికి అన్నది తరువాత, ముందు పేరు ఉండాలి. బీహార్‌లో 2025 జూన్‌లో ప్రకటించిన ప్రత్యేక సమగ్ర సవరణ తరువాత ఆగస్టు 1 నాటి ముసాయిదాలో సుమారు 65 లక్షల పేర్లు లేవు. ఆ పేర్లను కారణాలతో సహా ప్రచురించమని ఆగస్టు 14న సుప్రీంకోర్టు ఆదేశించవలసి వచ్చింది. ఆ సవరణను దేశమంతటా చేపడతామని ఎన్నికల సంఘం చెప్పింది. మన గల్లీలో ఉన్న బీహార్ సోదరులు ఇక్కడా లేక, అక్కడా లేకపోవచ్చు. వారికి ఒకటే మాట: రెండు చోట్ల పేరు ఉండడం చట్టవిరుద్ధం. నివాసం ఇక్కడే అయితే ఇక్కడికే మార్చుకోండి.

ఇక మన పేర్ల కథ. ఇంట్లో ఉర్దూలో పిలిచే పేరును ఒక గుమాస్తా తెలుగులో రాస్తాడు, మరొకరు దానిని ఇంగ్లీషులోకి ఎక్కిస్తారు, కంప్యూటరు మళ్లీ తెలుగు చేస్తుంది. షేక్, షైక్ అవుతాడు; మహమ్మద్ ఒక కార్డులో ఎండీ, ఇంకొక దానిలో మొహ్మద్. బేగం పెళ్లికి ముందు తండ్రి ఇంటి పేరుతో, తరువాత భర్త పేరుతో, రేషను కార్డులో బీ అని. ముప్పై ఏళ్లు రిజిస్టర్లు చూసినవారిగా చెబుతున్నాము, ఇందులో కుట్ర వెతకనక్కరలేదు, అలసత్వమే చాలు. కాని అలసత్వం వల్ల పోయిన పేరూ పోయిన పేరే. పైగా మనవారు పదకొండు నెలలకొకసారి అద్దె ఇల్లు మారతారు. ఇల్లు మారగానే బూత్ మారుతుంది. ఎవరో ఒకరు ఏడవ నంబరు ఫారంతో "వీరు ఇక్కడ లేరు" అని అభ్యంతరం పెట్టవచ్చు. అటువంటప్పుడు నోటీసు వస్తుంది. పాత చిరునామాకు వచ్చిన నోటీసును పాత ఇంటి యజమాని మీకు అందించాలిగా!

అందుకే ఈ బల్లలు వేశాము. జాబితా ప్రతి ముందు ఉన్నది. మీ పేరు, తండ్రి లేక భర్త పేరు, వయస్సు, ఇంటి నంబరు నాలుగూ చూసుకోండి. కొత్తవారికి ఆరవ నంబరు ఫారం, తప్పుల దిద్దుబాటుకు, చిరునామా మార్పుకు ఎనిమిదవ నంబరు. పద్దెనిమిది నిండే పిల్లలు జనవరి 1 కోసం ఆగనక్కరలేదు. ఏప్రిల్, జూలై, అక్టోబర్ ఒకటవ తేదీలు కూడా ఇప్పుడు అర్హత తేదీలే. ఫారం ఇచ్చినప్పుడు రసీదు తప్పక తీసుకోండి. అది లేకుండా రేపు మీ పక్షాన ఎవరూ మాట్లాడలేరు. ఆడవారి బల్ల ఎడమ ప్రక్కన ఉన్నది, అక్కడ చదువుకున్న మన అమ్మాయిలు ఇద్దరు కూర్చున్నారు. కరెంటు బిల్లు ఇంటి యజమాని పేరున ఉన్నవారు ముందు మా దగ్గరకు రండి, మీ విషయంలో బూత్ అధికారితో మాట్లాడవలసి ఉంటుంది. మగ్రిబ్ అజాన్‌కు ఇంకా గంటన్నర ఉన్నది. మొదటి వరుసవారు లేవండి.