గుండ్లకమ్మ యొడ్డున



క్రైస్తవ బోధకులు మన గ్రామములకు వచ్చుటను గూర్చి రచ్చబండయొద్ద మాట వచ్చినచో వెంటనే రెండు పక్షము లేర్పడును. కూటికొరకు మతము పుచ్చుకొనిరని యొకరు, దైవమే పిలిచెనని యింకొకరు. ఒంగోలు ప్రాంతమున జరిగిన యొక కథను, అందలి లెక్కలతో గూడ, మీ ముందుంచెదను. నేను కాపుకుటుంబమున బుట్టినవాడను. కావున కొంత మా యింటి మాటయు నిందు గలియును.

అమెరికా బాప్టిస్టు సంఘమువారు 1840 మొదలు నెల్లూరిలో బోధించుచుండిరి. ఫలము మిక్కిలి స్వల్పము. ఈ పని మానివేయుదమా యని స్వదేశమున పలుమారు తర్కించుకొనిరి. 1866లో జాన్ క్లౌ దొర భార్యాసమేతుడై ఒంగోలు చేరెను. పైవర్ణముల వారు ముందు వచ్చినచో తక్కినవారు వెంబడింతురని యాయన తలంచెను. బ్రాహ్మణ బాలురకై బడియు పెట్టెను.

అయితే వచ్చినవారు వేఱు. యెర్రగుంట్ల పేరయ్య యను మాదిగ తోళ్ల వర్తకుడు, రాజయోగము నభ్యసించి కొందఱకు గురువైనవాడు, వ్యాపారమునకై ఉత్తరమునకు బోయినపుడు క్రీస్తుబోధ వినెను. అతడు 1866లో బాప్తిస్మము పొంది, యింటికి బోయి తనవారికి చెప్పసాగెను. దొర భాష యెవరికి దెలియును? పేరయ్య మాట తోలు నానవేయువాని మాట, చెప్పు కుట్టువాని మాట. 1867 జనవరి 1వ తేదీన ఒంగోలు సంఘము ఎనమండుగురితో నేర్పడెను.

అంతట బ్రాహ్మణులు, వీరిని చేర్చుకొందువేని మా బిడ్డలను పంపమనిరి. ఆ దినమున దొరయు నాతని భార్యయు వేర్వేఱు గదులలో బైబిలు తెఱవగా, ఇద్దఱకును ఒక్క యధ్యాయమే తగిలెనట: దేవుడు అల్పులను ఏర్పరచుకొనెనని పౌలు కొరింథీయులకు వ్రాసినది. వారు దానిని ఆజ్ఞగా గైకొనిరి. బడి ఖాళీ యయ్యెను.

ఇక గ్రామములలో పుట్టిన చిక్కు వినుడు. క్రొత్త విశ్వాసులకు మూడు కట్టుబాట్లు: చచ్చిన పశువు మాంసము తినరాదు, విగ్రహములను గొలువరాదు, ఆదివారము పని చేయరాదు. బోధకునకు ఇవి చిన్న మాటలు, ఊరికి కావు. జాతరలో డప్పు ఎవరు కొట్టవలెను? ఆదివారమునాడు కపిల బాన చినిగినచో కుట్టువాడెవడు? పైరు ఎండుచుండగా వాడు ప్రార్థనలో గూర్చుండిన కాపునకు కోపము రాక మానునా? కొన్ని యూళ్లలో వారికి నీరు కట్టిరి, కూలి మాన్పిరి. అది అన్యాయమే. కాని ఆ కోపమునకు వెనుక ఎండుచున్న చేను గూడ నుండెనని చెప్పకున్న నేను సత్యము చెప్పినవాడను గాను.

1876 మొదలు 1878 వఱకు దారుణమగు కఱవు వచ్చెను. క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకము గుత్తకు దీసికొని, ఊరక గంజి పోయక, కూలి యిచ్చెను. బోధకులే మేస్త్రీలైరి. పని విరామమున జనులు వారి చుట్టు జేరి, మీ దేవుడెవడని యడిగెడివారు. అనేకులు బాప్తిస్మము గోరిరి. దొర ఇయ్యలేదు. సహాయద్రవ్యము తన చేతినుండి పోవుచున్నంత కాలము ఎవరిని చేర్చుకొనరాదని నిశ్చయించి, సుమారు పదునైదు నెలలు ద్వారము మూసియుంచెను. కూటి కొఱకే వచ్చిరనువారు ఈ సంగతిని లెక్కలోనికి దీసికొనవలెను.

సహాయము ముగిసినదని తెలిపిన పిమ్మటను జనులు తగ్గలేదు. 1878 జులై 2న గుండ్లకమ్మ తీరమున వెల్లంపల్లియొద్ద 614 మంది, మరునాడు 2222 మంది, నాల్గవ తేదీని 700 మంది బాప్తిస్మము పొందిరి. దొర నీటిలో దిగలేదు. ఆఱుగురు తెలుగు బోధకులు, ఇద్దఱిద్దఱుగా వంతులు వేసికొని, ఉదయమునుండి సాయంకాలము వఱకు ఆ పని జరిపిరి. ఇంత తొందర యేలయని స్వదేశములోనివారే ఆయనను నిందించిరి. ఆ సందేహము వ్యర్థమైనదని నేననను. పదునైదు నెలలలో కృతజ్ఞత చచ్చునా? అయినను కృతజ్ఞత గల వానికి విశ్వాస ముండదని యెవరు చెప్పగలరు? నీటినుండి లేచిన వానికి దొరకినది బియ్యము గాదు; ఇంటికి బోవువేళ ఊరిపెద్ద ముఖము చూడవలసిన బరువు.

బోధకుని మాటకంటె పొరుగువాని నడత యెక్కువ పని చేయునని తరువాత తేలెను. 1912లో దోర్నకల్లునకు బిషప్పైన అజరయ్యగారు, తమిళదేశమునుండి వచ్చి తెలుగు నేర్చిన వారు, ప్రతి క్రైస్తవుని సాక్షిగా నుండుమని హెచ్చరించుచుండిరి. ఆ సీమలో మాల మాదిగల యిండ్లలో కలిగిన మార్పును కన్నులార చూచి కాపులు కొందఱు గుడికి వచ్చిరి. ఒంగోలున ముందు రావలసినవారని క్లౌ దొర తలంచినవారు అచ్చట వెనుక వచ్చిరన్నమాట.

మా యింట నెవరును బాప్తిస్మము పొందలేదు. మా తాతకు తాత, బాన కుట్టువాడు ఆదివారము రానన్నప్పుడు, కఱ్ఱ పుచ్చుకొని మాదిగపల్లెకు బోయెనట. అచ్చట వాడు కూర్చుండి అక్షరములు దిద్దుచుండెనట. ఏమి జరిగినదో ఆయన చెప్పలేదు. కఱ్ఱ మాత్రము ఊతగా పట్టుకొని తిరిగివచ్చెనట. ఆ తరువాత మా యింట శనివారము సాయంకాలమే బానయు తొండమును చూచుకొని, చినుగున్న నాడే కుట్టించుకొనుట వాడుకయైనదని మా తాత చెప్పెడివాడు.