మందుల బీరువా తాళపుచెవి
(వార్షికోత్సవ సభలో జరిగిన ఉపన్యాసపు పాఠము)



ఇట్టి సభలలో సాహిత్యమును గూర్చియో, సంగీతమును గూర్చియో ప్రసంగములు జరుగుట ఆచారము. నేటి విషయము ఆ కోవకు చెందినది కాదు. వినుటకు ఇంపైనదియు కాదు. ఐనను ఏదో యొకనాడు ఆసుపత్రి గడప త్రొక్కవలసిన అవసరము రాని కుటుంబ ముండదు. నర్సును కన్నబిడ్డగానో, కోడలిగానో, పొరుగింటి ఆడపడుచుగానో ఎరిగిన కుటుంబములును పెక్కు గలవు. అందుచేత రోగి బాధ తీర్చుటకై ఉద్దేశించిన మందును, దానిని అందింపవలసిన నర్సే తనకొరకు మళ్లించుకొను విషాదమును గూర్చి కొంత ఆలోచించుట అనవసరము కాదు.

నల్లమందు కేంద్ర ప్రభుత్వోద్యోగులకు తెలియని సరకు కాదు. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ రాష్ట్రములలో లైసెన్సు పొందిన రైతులు గసగసాల పంట వేయుదురు. గ్వాలియరునందు ప్రధాన కార్యాలయము గల కేంద్ర నార్కోటిక్సు బ్యూరోవారు ఆ పొలమును కొలుతురు. కాయనుండి కారిన పాలను తూచి తీసికొందురు. ఆ సరకు ఘాజీపూరు, నీమచ్‌లలోని కర్మాగారములకు చేరును. ప్రతి మెట్టునందును ఒక తూకము, ఒక ముద్ర, ఒక సంతకము ఉండును. ఇన్ని కాపుదలలు గడచి మార్ఫీన్ అను ఔషధముగా మారిన ఆ పదార్థము కడపట చేరునది ఆసుపత్రి వార్డులోని బీరువా. దాని తాళపుచెవి నర్సు చేతిలో నుండును. అచ్చట తూకము ముగిసి, నమ్మకము ప్రారంభమగును.

మార్ఫీన్‌ను నల్లమందునుండి మొదట వేరుచేసినవాడు సెర్ట్యూర్నర్ అను జర్మను యువకుడు. అది 19వ శతాబ్దపు తొలి సంవత్సరములలోని మాట. గ్రీకుల స్వప్నదేవత పేరును అతడు దానికి పెట్టెను. 1960లో బెల్జియము దేశమున పాల్ జాన్సెన్ అను వైద్యుడు ఫెంటానిల్ అను మరియొక మందును తయారుచేసెను. అది మార్ఫీన్‌కన్న 50 మొదలు 100 రెట్లు బలము గలది. గ్రాములో పదిలక్షలవ వంతులతో దానిని కొలువవలయును. శస్త్రచికిత్స పొందువారికిని, క్యాన్సరుచే బాధపడువారికిని ఈ మందులు చేసిన మేలు ఇంతంత కాదు. వీనిని ద్వేషించుట తగదు. కాని రోగి బాధను మరపించు ఆ గుణమే, అలసినవారి బాధను గూడ మరపింపగలదు. చిక్కంతయు అచ్చటనే యున్నది.

నర్సు ఈ వ్యసనములో చిక్కుకొనుటకు దుశ్శీలము కారణమని తలచుట పొరపాటు. రోగులను ఎత్తి పడుకోబెట్టుటచే వచ్చిన నడుమునొప్పికి వైద్యుడు వ్రాసిచ్చిన మాత్రతో అది ప్రారంభము కావచ్చును. రాత్రి డ్యూటీలు, నిద్రలేమి, కండ్లయెదుట జరుగు మరణములు, ఇంటిలోని దుఃఖములు తోడగును. మందుల సంగతి తెలిసినవారు గనుక తాము హద్దు దాటమను ధీమా యొకటి వారికుండును. మొదట పారబోయవలసిన శేషము దారి తప్పును. పిదప రోగి పాలే దారి తప్పును. కొంతకాలమునకు శరీరము మందులేనిదే నిలువజాలని స్థితికి వచ్చును. అప్పుడామె మందు తీసికొనునది సుఖముకొరకు కాదు. వణకు, వాంతి, చెమటలు లేకుండ ఆ పూట పని చేయగలుగుటకు మాత్రమే. వైద్యశాస్త్రము దీనిని వ్యాధిగా గుర్తించినది.

ఐతే ఈ వ్యాధి తక్కిన వ్యాధులవంటిది కాదు. దీని బాధను రెండవ మనిషి పంచుకొనవలసి వచ్చును. 2020 జూను నుండి అక్టోబరు వరకు అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రమునందలి ఒక సంతాన సాఫల్య చికిత్సాలయమున జరిగిన ఉదంతము ఇందుకు తార్కాణము. అచ్చటి నర్సు ఒకతె ఫెంటానిల్ సీసాలనుండి మందును తీసికొని, దాని స్థానమున ఉప్పునీటిని నింపెను. సంతానముకొరకు ఆశతో వచ్చిన స్త్రీలు అండములను తీయు సూదిపోటును తగిన మత్తులేకయే భరింపవలసి వచ్చెను. వారిలో పెక్కుమంది నొప్పియని మొరపెట్టుకొనిరి. మందు ఇచ్చితిమి గదా యని సిబ్బంది భావించిరి. కాగితముపై మందున్నది; రోగి శరీరములో లేదు. అట్టి సమయమున కాగితమునే నమ్మిరి గాని రోగిని నమ్మలేదు. 2021లో ఆ నర్సు న్యాయస్థానమున నేరము నొప్పుకొనెను. ఆమెకు నాలుగు వారాంతముల చెరయు, మూడు నెలల గృహనిర్బంధమును, ఆపై పర్యవేక్షణయు విధింపబడెను. వ్యాధిగ్రస్తురాలని కరుణ చూపుట మంచిదే. కాని తాము పడిన బాధకు విలువ యేదని ఆ స్త్రీలలో కొందరు వేసిన ప్రశ్నను త్రోసిపుచ్చుటకు ఎవరికిని వీలులేదు.

మరియొక ఉదంతము కలదు. ఇందలి వ్యక్తి నర్సు కాడు. హృద్రోగ విభాగములలో పనిచేసిన సాంకేతికుడు. ఇతడు ఫెంటానిల్ నింపిన సిరంజీలను దొంగిలించి, తాను పొడుచుకొని, అదే సిరంజీలో ఉప్పునీరు నింపి తిరిగి పెట్టుచుండెను. అతనికి హెపటైటిస్-సి అను కాలేయవ్యాధి యుండెను. ఆ సూదులద్వారా పలు రాష్ట్రములలో నలుబదిమందికి పైగా రోగులకు ఆ వ్యాధి సోకెను. 2012లో అతడు పట్టుబడెను. 2013లో 39 సంవత్సరముల కారాగారశిక్ష పడెను. ఇందు గమనింపదగిన అంశము వేరొకటి యున్నది. అంతకు పూర్వమే ఒకటికి మించిన ఆసుపత్రులవారు అతని ప్రవర్తనను కనిపెట్టి పని మాన్పించిరి. కాని ఆ సమాచారము అతని వెంట పోలేదు. ఒక ఊరిలో తొలగింపబడినవాడు మరియొక ఊరిలో క్రొత్తగా చేరుచుండెను.

కార్యాలయముల నెరిగినవారికి ఈ పద్ధతి వింతగా తోపదు. చిక్కు తెచ్చిపెట్టు ఉద్యోగిని సరిదిద్దుటకు బదులు మరియొక విభాగమునకు బదిలీ చేసి, ఊపిరి పీల్చుకొనుట పాత అలవాటే. ఫైలు కదలును, చిక్కు కదలదు, చోటు మాత్రమే మారును. ఫైళ్ల విషయమున దీనివలన జాప్యము కలుగును. సూదుల విషయమున ప్రాణములకే ముప్పు కలుగును. పరువుకొరకు ఆసుపత్రి మౌనము వహించుటయు, జాలిచేత తోటి నర్సు మౌనము వహించుటయు ఫలితమునందు ఒక్కటే.

మరి మార్గమేమి? అమెరికా నర్సులే దీనిని వెదకిరి. 1982లో అమెరికా నర్సుల సంఘము తన ప్రతినిధుల సభలో తీర్మానము చేసి, వ్యసనగ్రస్తులైన నర్సులను శిక్షించుటకు ముందు చికిత్సకు అవకాశ మీయవలయునని కోరెను. 1983లో ఫ్లోరిడా రాష్ట్రమునను, 1985లో కాలిఫోర్నియాలోను ఇందుకై ప్రత్యేక పథకములు వెలసెను. తరువాత పెక్కు రాష్ట్రములు ఆ బాట పట్టెను. ఈ పథకములో చేరిన నర్సు మొట్టమొదట పని మానవలయును, చికిత్స పొందవలయును. తిరిగి పనిలో చేరినను కొంతకాలము మాదకౌషధముల తాళపుచెవి ఆమె కీయరు. చెప్పకుండ పిలిచి మూత్రపరీక్షలు జరుపుదురు. తోటివారి సమావేశములకు హాజరు కావలయును. ఈ నిఘా సాధారణముగా మూడు మొదలు అయిదు సంవత్సరములవరకు సాగును. నియమము తప్పినచో విషయము లైసెన్సు మండలికి చేరును.

ఇది మెత్తదనమని కొందరి ఆక్షేపణ. యథార్థమునకు ఉద్యోగమునుండి తొలగించి చేతులు దులుపుకొనుటయే సులభము. అయిదేండ్లు కనిపెట్టి యుండుటయే కష్టము. పట్టుబడిననాడు సర్వనాశనమని తెలిసిన నర్సు తన వ్యాధిని కడవరకు దాచును. ఒప్పుకొన్నచో తిరిగి లేచుటకు చేయూత యున్నదని తెలిసిన నర్సు ముందుగా ఒప్పుకొనవచ్చును. ఆమె తోటి నర్సు ముందుగా నోరు విప్పవచ్చును. ఆ ముందు గడచిన ప్రతి దినమును ఒక రోగిని రక్షించును. కావున కరుణ రోగి రక్షణకు విరోధి కాదు; కాని రోగిని మరచిన కరుణ కరుణయే కాదు. చికిత్సకు దారి చూపుటతోపాటు, మందు దక్కక బాధపడిన రోగికి జరిగినది జరిగినట్లు చెప్పి, క్షమాపణ వేడి, పరీక్షలు జరిపింపవలసిన ధర్మము ఆసుపత్రిపై నున్నది.

రిజిస్టరుల మాట యొకటి చెప్పవలయును. మిగిలిన మందును పారబోయునపుడు ఇరువురు చూచి సంతకము చేయవలయునని నియమము. పని తొందరలో రెండవవారు చూడకయే సంతకము పెట్టిన, ఆ నియమము ఉండియు లేనట్లే. ఇప్పుడు పెద్ద ఆసుపత్రులలో ఎవరు, ఎప్పుడు, ఎంత తీసిరో వ్రాసికొను యంత్రపు బీరువాలు వచ్చినవి. యంత్రము లెక్క వ్రాయగలదు. రోగి మూలుగును వినజాలదు. ఒకే నర్సు డ్యూటీలో రోగుల నొప్పి మాటిమాటికి తగ్గకున్నచో, ఆ సంగతిని లెక్కతో కలిపి చూడవలసినది మనిషియే.

మన దేశమునకు మరియొక హెచ్చరిక అవసరము. తాళము వేయుటలో మితిమీరినను కీడే. 1985లో చేసిన మాదకద్రవ్యముల చట్టము క్రింద రాష్ట్రముల లైసెన్సులు పెక్కు కావలసి వచ్చుటచే ఆసుపత్రులు మార్ఫీన్ నుంచుటకే జంకెను. నల్లమందు పండించు దేశములోనే క్యాన్సరు రోగులు నొప్పితో కన్నుమూసిరి. కేరళలో డాక్టరు ఎమ్. ఆర్. రాజగోపాల్ వంటివారు చేసిన కృషి ఫలించి, 2014లో పార్లమెంటు చట్టమును సవరించెను. 2015లో మార్ఫీన్, ఫెంటానిల్ మొదలగు ఆరు మందులు అత్యవసర మాదకౌషధములుగా ప్రకటింపబడెను. హైదరాబాదులోని ఎమ్.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రి వంటి చోట్ల ఉపశమన వైద్యమునకు ఈ మందులే ఊతకఱ్ఱలు. నర్సులలో ఒకరు తప్పు చేసిరని బీరువాకు మరి నాలుగు తాళములు బిగించినచో, శిక్ష పడునది మంచమునందున్న రోగికి.

ఆ చట్టములోనే 64-ఏ అను సెక్షను కలదు. స్వల్ప పరిమాణమునకు సంబంధించిన నేరము మోపబడిన వ్యసనపరుడు తానుగా చికిత్స కోరి, గుర్తింపు పొందిన ఆసుపత్రిలో దానిని పొందినచో, అతనిపై ప్రాసిక్యూషను ఉండదని దాని భావము. శాసనకర్తలు తలుపును ఓరగా తెరచియుంచిరి. కాని ఉద్యోగమును గూర్చియు, నర్సు రిజిస్ట్రేషనును గూర్చియు ఆ సెక్షను ఏమియు చెప్పదు. 2023లో జాతీయ నర్సింగు, మిడ్‌వైఫరీ కమిషను చట్టము చేయబడినది. వృత్తికి క్రొత్త నియమములు ఏర్పరచు తరుణమున, పడినవారిని లేపుటకును, రోగిని కాచుటకును ఒకే నియమావళిలో చోటు కల్పించుట యుక్తము.

కుటుంబములు చేయదగినదియు కొంత కలదు. ఆసుపత్రిలో బంధువు నొప్పియన్నపుడు, మందిచ్చినారు గదా ఓర్చుకొమ్మని అనకుండ, ఆ మాటను డాక్టరు చెవిని వేయవలయును. ఇంటిలోని నర్సు నిరంతరము అలసియు, ముభావముగను ఉండి, సెలవుదినములందును డ్యూటీకి పోవ తహతహలాడుచున్నచో, సంపాదనపై ఆశయని సరిపెట్టుకొనక, ప్రక్కన కూర్చుండి కుశలమడుగవలయును. నింద మోపుటకు కాదు, వైద్యునికడకు తోడుపోవుటకు. సేవచేయు చేతికిని సేవ అవసరమగు దినము రావచ్చును. ఆ దినమున ఆ చేతిని పట్టుకొనువారు ఉన్నచో, తాళపుచెవి తిరిగి నమ్మకమైన చేతికే చేరును.