మన ఎంపీ ఢిల్లీలో ఏం చేశారు?
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన పెదపాడులో ఎంపీ మాట వస్తే అందరం అడిగేది ఒకటే: "ఆయన మన ఊరికి ఏం చేశాడు?" నేనూ చాలా ఏళ్లు రోడ్లూ కల్వర్టులతోనే ఎంపీలను కొలిచాను. ఆ కొలత చాలదని నాకు తెలియజెప్పింది బోళ్ల బుల్లిరామయ్య గారి రాజకీయ జీవితం.

తణుకు ఆంధ్రా షుగర్స్ నుంచి వచ్చిన పారిశ్రామికవేత్త ఆయన. 1984లో దేశమంతా కాంగ్రెస్ గాలి వీస్తుంటే, తెలుగుదేశం తరఫున ఏలూరులో గెలిచారు. 30 స్థానాలతో ఆ ప్రాంతీయ పార్టీ లోక్‌సభ ప్రతిపక్షాల్లో అతి పెద్దదైంది. 1989లో సినీనటుడు కృష్ణ గారి చేతిలో ఓడారు. 1991లో ఆ కృష్ణ గారి మీదే గెలిచారు. 1996లో గెలుపు, 1998లో ఓటమి, 1999లో మళ్లీ గెలుపు. ఓడించిందీ మనమే, గెలిపించిందీ మనమే. ఓడినప్పుడల్లా ఆయన తిరిగి మన గడపకే వచ్చారు.

1996లో యునైటెడ్ ఫ్రంట్ ప్రభుత్వంలో వాణిజ్య శాఖ ఆయనకు అప్పగించారు. ఆ డిసెంబరులో సింగపూర్‌లో ప్రపంచ వాణిజ్య సంస్థ మంత్రుల మొదటి సమావేశం జరిగింది. కార్మిక ప్రమాణాలను వాణిజ్యంతో ముడిపెట్టాలని కొన్ని ధనిక దేశాలు పట్టుబట్టాయి. అక్కడ భారతదేశం తరఫున మాట్లాడింది మన ఏలూరు ఎంపీయే. చివరికి ఆ ప్రమాణాల సంగతి అంతర్జాతీయ కార్మిక సంస్థే చూడాలని తేల్చారు. పెట్టుబడుల విషయంలో మాత్రం అధ్యయన బృందానికి మనం ఒప్పుకోక తప్పలేదు.

అదే ఏడాది ఇంకొక తగాదా. తాబేళ్లు తప్పించుకునే పరికరం లేని వలలతో సముద్రంలో పట్టిన రొయ్యలు తమకొద్దంది అమెరికా. భారత్, మలేసియా, పాకిస్తాన్, థాయిలాండ్ ఫిర్యాదు చేశాయి. 1998లో తుది తీర్పు వచ్చింది: తాబేళ్లను కాపాడాలనుకోవడం తప్పు కాదు, దేశానికో రకంగా నిబంధన అమలు చేయడం తప్పు. ఇదంతా ఒక్కరి గొప్పని నేననను. అధికారులూ న్యాయవాదులూ ఎందరో పనిచేశారు. కానీ ఆ ఫిర్యాదు వేసిన నాడు ఆ శాఖ మనం పంపిన మనిషి చేతిలో ఉంది.

ఆ కేసు చెరువు రొయ్యల గురించి కాదు. అయినా కొల్లేరు చుట్టూ రొయ్య పెంచే మనకు అందులో పాఠం ఉంది. మన సరుకు ధర జెనీవాలోనూ తేలవచ్చు. పెదవేగి వైపు ఆయిల్‌పామ్ రైతునడగండి, దిగుమతి సుంకం తగ్గితే గెల ధర ఏమవుతుందో చెబుతాడు. ఆ సుంకం నిర్ణయించేది ఢిల్లీలో.

అందుకే మాస్టార్లకు ఒక విన్నపం. ఎంపీలు సభలో అడిగే ప్రశ్నలు, వాటికి వచ్చే జవాబులు లోక్‌సభ వెబ్‌సైట్‌లో ఉంటాయి. మన ఎంపీ ఎవరైనా, ఏ పార్టీ అయినా, వాటిని బడి నోటీసు బోర్డు మీద పెట్టించండి. కాగితాలకూ ప్రింటుకూ అయ్యే ఖర్చు మన సంఘం భరించాలి. రేపు ఓటు వేసే పిల్లలు "మన ఊరికి ఏం చేశారు?" అనడంతో ఆగకుండా, "మన తరఫున ఏం మాట్లాడారు?" అని కూడా అడగాలి.